పుస్తకంలో ఉన్న పాఠం, పేరెంట్స్ మీటింగులో లేని మాట

స్కూళ్లలో సెక్స్ ఎడ్యుకేషన్ పెట్టాలా వద్దా అని చర్చ మొదలైనప్పుడల్లా నాకు వచ్చే డౌటు ఒకటే, ఈ వాదించుకునేవాళ్లలో ఎవరైనా పిల్లల సైన్సు పుస్తకం ఒక్కసారన్నా తిరగేశారా అని. మన రెండు రాష్ట్రాల ఎనిమిదో తరగతి పుస్తకాల్లో కౌమార దశ మీద ఏకంగా ఒక పాఠమే ఏళ్లుగా ఉంటూ వచ్చింది. గొంతు ఎందుకు మారుతుంది, మొటిమలు ఎందుకొస్తాయి, నెలసరి అంటే ఏమిటి, హార్మోన్లు ఏం చేస్తాయి, అన్నీ ఉంటాయి. పదో తరగతికి వచ్చేసరికి ప్రత్యుత్పత్తి పాఠం, అందులోనే గర్భనిరోధక పద్ధతులు, హెచ్‌ఐవీ. పటం గీసి భాగాలు గుర్తించుము అని పబ్లిక్ పరీక్షలో అడిగే పాఠం అది. అంటే పెట్టాలా వద్దా అన్నది మనం అడక్కముందే తేలిపోయింది, పెట్టేశారు. దాన్ని నిజంగా చెబుతున్నారా, ఎవరు చెబుతున్నారు, ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలుసా అన్నవి మాత్రం ఎవరూ అడగరు.

ఎలా చెబుతారో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పాఠం వచ్చేసరికి ఆడపిల్లలు తల దించుకుంటారు, వెనక బెంచీల్లో కిసుకిసలు మొదలవుతాయి, సారు ఓసారి గొంతు సవరించుకుని "ఇది తేలికే, ఇంటి దగ్గర చదువుకోండి, పటం మాత్రం ప్రాక్టీస్ చేయండి" అనేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. సారును పూర్తిగా తప్పుపట్టలేం కూడా. పాతికేళ్ల కుర్ర టీచరు, ముందు అరవై మంది పిల్లలు, ఒక్క మాట అటూ ఇటూ అయితే సాయంత్రానికి ఊళ్లో పంచాయితీ. ఆయనకు ఈ పాఠం ఎలా చెప్పాలో ఎవరైనా నేర్పారా అంటే అదీ అనుమానమే. దాంతో వేసెక్టమీకీ ట్యూబెక్టమీకీ తేడా బిట్టు పేపర్లో టక్కున రాసే కుర్రాడికి, నిద్రలో బట్టలు తడవడం ఆ వయసులో మామూలేననీ, జబ్బు కాదనీ చెప్పేవాడు ఉండడు. వాడికి ఆ సమాచారం ఇచ్చేది బస్టాండు గోడ. ఫలానా లాడ్జిలో ప్రతి నెలా ఫలానా తేదీన డాక్టరు గారు కలుసుకోబడును, నరాల బలహీనత, పాత అలవాట్లు, గ్యారంటీ కోర్సు. ఒకప్పుడు విజయవాడ డాక్టర్ సమరం లాంటివాళ్లు వారపత్రికల్లో ఈ భయాలకు ఓపిగ్గా జవాబులు రాస్తుంటే జనం దొంగచాటుగా చదివేవారు. ఇప్పుడు ఆ దొంగచాటు ఫోన్లోకి మారింది, కాకపోతే అక్కడ జవాబు చెప్పేది డాక్టరే అన్న గ్యారంటీ లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా విచిత్రం. మనవాళ్లు ఈ విషయాలు మాట్లాడరు, సిగ్గు ఎక్కువ అంటారు గానీ, పిల్ల పెద్దమనిషి అయిందని ఊరంతా పిలిచి, చిమ్మిలి పెట్టి, ఫ్లెక్సీ కట్టి, ఫొటోగ్రాఫర్‌ని పెట్టి భోజనాలు పెట్టే జాతి మనది. మేనమామ చీర తెస్తాడు, పేరంటాళ్లు పాటలు పాడతారు, వీడియోలో డ్రోన్ షాట్లు కూడా వచ్చేశాయి. ఇంత హడావుడిలో ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మా నీకు జరిగింది ఇదీ, నెలనెలా ఇలా ఉంటుంది, ఇన్ని గంటలకోసారి ప్యాడ్ మార్చుకో, నొప్పి భరించలేనంత ఉంటే డాక్టరు దగ్గరికి వెళదాం అని చెప్పే మనిషి ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. చెప్పేదల్లా ఏం ముట్టుకోకూడదో, ఎక్కడ కూర్చోవాలో. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో స్వేచ్ఛ పేరుతో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పని. ప్యాకెట్ చేతికి వచ్చింది సరే, దాంతోపాటు రావాల్సిన మాట వచ్చిందా అంటే అది ఆ స్కూల్లో ఉన్న టీచరమ్మ మీద ఆధారపడి ఉంది.

అసలీ గొడవ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్లాలి. 2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. హెచ్‌ఐవీ భయం బాగా ఉన్న రోజులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. తొమ్మిది, పదకొండు తరగతుల పిల్లలకు 16 గంటల పాఠాలు అన్నారు. టీచర్ల కోసం తయారుచేసిన పుస్తకంలో బొమ్మలు బయటికి రావడంతో 2007లో పెద్ద రచ్చ అయింది. మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు ఆ కార్యక్రమాన్ని ఆపేశాయి, మామూలుగా ఒకరంటే ఒకరికి పడని పార్టీలు కూడా ఈ ఒక్క విషయంలో ఒక్క మాట మీదికి వచ్చాయి. రాజ్యసభ పిటిషన్ల కమిటీ దీన్ని విచారించింది, ఛైర్మన్ మన వెంకయ్యనాయుడు గారు. 2009లో ఇచ్చిన నివేదికలో స్కూళ్లలో లైంగిక విద్య వద్దని తేల్చారు, హెచ్‌ఐవీ లాంటి సంగతులు చెప్పాలనుకుంటే ప్లస్ టూలో బయాలజీలో చెప్పండి, అంతకుముందు వద్దన్నారు.

ఆ నివేదికతో నాకు ఏకీభావం లేదు. పదో తరగతి తర్వాత బడి మానేసే పిల్లకు ప్లస్ టూ బయాలజీ ఎందుకు పనికొస్తుంది? ఇంటర్లో ఎంపీసీ, సీఈసీ తీసుకున్నవాళ్ల సంగతి సరేసరి. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆ రోజు పిటిషన్ పెట్టినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ పుస్తకం ఒకటి ఉందని తల్లిదండ్రులకు తెలిసింది టీవీ వార్తల్లో. దాచిపెట్టి తెచ్చారన్న అనుమానం ఒక్కసారి వచ్చాక లోపల ఎంత మంచి విషయం ఉన్నా ఎవడూ చదవడు.

ఇలాంటిదే, ఇంతకన్నా ఘోరమైనది, మన ఖమ్మం జిల్లాలో జరిగింది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన వైరస్ అది, లైంగికంగా సోకుతుంది, అందుకే ఆ వయసు రాకముందే టీకా వేస్తారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. తర్వాత అనుమతి పత్రాలు పరిశీలిస్తే 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. ఒక్కసారి ఆ కాగితాన్ని ఊహించుకోండి. పిల్ల పేరు, తరగతి, కింద తల్లి లేదా తండ్రి సంతకం చేయాల్సిన చోట వార్డెన్ సంతకం. కొండ మీద గూడెంలో ఉన్న అమ్మకు తన కూతురికి సూది వేసిన సంగతి కూడా తెలియదు. ఖమ్మంలోనూ, ఇదే ప్రాజెక్టు నడిచిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో మొత్తం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ అనుమతుల తంతును తూర్పారబట్టింది, పట్టాల్సిందే కూడా.

దీని వల్ల పోయిందేమిటంటే నమ్మకం. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది, కానీ మన దగ్గర ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ ఖమ్మం గుర్తుచేసేవాళ్లున్నారు. అదే టీకాను 2018లో సిక్కిం ప్రభుత్వం స్కూళ్ల ద్వారా వేస్తే 95 శాతానికి పైగా ఆడపిల్లలు వేయించుకున్నారు. చిన్న రాష్ట్రం, నిజమే, పోలిక పూర్తిగా కుదరదు. కానీ వాళ్లు సూది పట్టుకునే ముందు చేసిన పని చూడండి, టీచర్లకు, తల్లిదండ్రులకు, విలేకరులకు ముందే మీటింగులు పెట్టి దేనికి వేస్తున్నారో చెప్పారు. కనుక్కోవాల్సింది కొత్తగా ఏమీ లేదు ఇందులో.

మరి ఇప్పుడు కాగితం మీద ఏముంది అంటే, చాలానే ఉంది. ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2018లో ప్రకటించి 2020లో మొదలుపెట్టారు. ప్రతి ప్రభుత్వ స్కూల్లో ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక సారు ఒక టీచరమ్మ, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా ఉండాలి. వారానికి ఒక గంట. మొత్తం 11 అంశాలు, అందులో ఎదుగుదల, భావోద్వేగాలు, ఆడామగా సమానత్వం, పోషకాహారం, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు, హింస నుంచి భద్రత, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం అన్నీ ఉన్నాయి. గమనించారా, సెక్స్ ఎడ్యుకేషన్ అన్న పేరే ఎక్కడా లేదు. 2007 దెబ్బకు పేరు మార్చి, పోషకాహారానికీ ఇంటర్నెట్‌కూ మధ్యన ఇరికించి తెచ్చారు. తెలివైన పనే అనుకోండి, కానీ దాని ఫలితం ఏమిటంటే ఇప్పుడు వ్యతిరేకించేవాడికీ తెలియదు, కావాలనేవాడికీ తెలియదు. మీ పిల్లల స్కూల్లో ఆ ఇద్దరు అంబాసిడర్లు ఎవరో మీకు తెలుసా? నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ తెలియదు, వాళ్లలో ఇద్దరు స్వయంగా టీచర్లు.

ఇక అభ్యంతరాలు. "చెబితే చేస్తారు" అన్నది మొదటిది. దీని మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలను యునెస్కో సమీక్షించి 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది, పాఠాలు విన్న పిల్లలు తొందరపడటం లేదు, కొన్నిచోట్ల ఆలస్యం చేస్తున్నారు కూడా. మన దగ్గర చెప్పకుండా ఉంటే ఏమవుతోందో చూడాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. 2019-21 సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లయినవాళ్లు లేదా గర్భంతో ఉన్నవాళ్లు దేశంలో 6.8 శాతం, తెలంగాణలో 5.8, ఆంధ్రప్రదేశ్‌లో 12.6. ఇందులో ఎక్కువ భాగం ప్రేమ వ్యవహారాలు కావు, మనమే దగ్గరుండి చేసిన పెళ్లిళ్లు. ఇరవై దాటిన కుర్ర వయసు ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5. పాఠం చెబితే పిల్లలు చెడిపోతారని భయపడే ఇంట్లోనే పదహారేళ్ల పిల్లకు లగ్నపత్రిక రాయించడం జరుగుతోంది, ఆ పిల్లకు గర్భం అంటే ఏమిటో చెప్పడానికి మాత్రం వయసు చాల్లేదు.

"చిన్నపిల్లలకెందుకు" అన్నది రెండోది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు, ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. ఆరేళ్ల పిల్లకు పటాలు, భాగాలు ఎవరూ చెప్పమనడం లేదు. వాళ్లకు చెప్పాల్సింది వేరు, నీ ఒంటి మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు, బాబాయి అయినా సరే వద్దంటే వద్దు, ఇది మనిద్దరి మధ్య సీక్రెట్ అన్నవాడి సంగతి వెంటనే అమ్మకు చెప్పు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే అంది, తొమ్మిదో తరగతి దాకా ఆగొద్దు, ఇంకా చిన్న వయసు నుంచే చెప్పండి అని.

మూడో అభ్యంతరాన్ని చర్చల్లో ఎవరూ గట్టిగా ఎత్తరు గానీ ఇళ్లల్లో అదే ఎక్కువగా వినిపిస్తుంది. "చెప్పే ఆ సారు ఎలాంటివాడో మాకేం తెలుసు?" పేపర్లో నెలకోసారన్నా ఏదో ఒక టీచరు మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు వార్త వస్తుంటే ఈ భయాన్ని మూఢత్వం అని కొట్టిపారేయడం అన్యాయం. దీనికి జవాబు పాఠం ఆపడం కాదు. పాఠం తలుపులు తెరిచి చెప్పడం, ఆడపిల్లల గంటకు టీచరమ్మో ఏఎన్‌ఎమ్మో ఉండటం, కావాలంటే ఇద్దరు తల్లులు వెనక కూర్చోవడం. పైగా సరైన పాఠం పిల్లకు నేర్పేది సారు కూడా హద్దు దాటకూడదనే. స్కూలు సిబ్బంది చేసిన నేరాన్ని పోక్సో చట్టం మరింత తీవ్రమైనదిగా లెక్కేస్తుంది, విషయం తెలిసి ఫిర్యాదు చేయని సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు ఉంది. చాలా స్కూళ్లలో "పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం" అని సర్దేస్తారే, అది నేరం.

ఇంకో సంగతి, ఇదే పోక్సో చట్టంలో 43వ సెక్షన్ ఉంది. చట్టం గురించి ప్రజలకు, పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు, సంరక్షకులకు అవగాహన కలిగించాలని ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. తల్లిదండ్రులకు అని స్పష్టంగా రాసి ఉంది. పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడే వెళ్లినా చట్టం ముందు ఆ ఇష్టం చెల్లదని, పంతొమ్మిదేళ్ల కుర్రాడికి నేరం రుజువైతే కనీసం పదేళ్ల జైలు పడొచ్చని ఎంతమంది అబ్బాయిల తల్లిదండ్రులకు తెలుసు? కేసయ్యాక లాయరు చెబితే తెలుసుకునేవాళ్లే ఎక్కువ. ఈ చట్టం కుర్రకారు ప్రేమల విషయంలో మరీ కఠినంగా ఉందన్న వాదన వేరే ఉంది, అందులో నిజం కూడా ఉంది. కానీ అది మారేదాకా ఇదే చట్టం, పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి కదా.

సరే, తల్లిదండ్రులకు ఎంత మాట ఉండాలి? బయట దేశాల్లో రకరకాలుగా ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో 2021లో చట్టం మార్చి, అమ్మానాన్న ముందుగా రాసిస్తేనే పిల్లను ఆ క్లాసులో కూర్చోబెట్టాలన్నారు. కాలిఫోర్నియాలో తిరగేసి, అందరూ కూర్చుంటారు, వద్దనుకుంటే మీరే రాసివ్వాలి. డాలస్ నుంచి బే ఏరియాకు మారిన కుటుంబానికి ఒకే పిల్లాడి విషయంలో రెండు రకాల కాగితాలు చేతికొస్తాయన్నమాట. ఇంగ్లండ్‌లో 2020 నుంచి మధ్యస్థంగా ఉంది, లైంగిక విద్య నుంచి పిల్లను తప్పించమని అడగొచ్చు గానీ సంబంధాలు, భద్రత గురించిన పాఠం మాత్రం ప్రతి పిల్లా వినాల్సిందే.

నాకు ఈ మూడోది నచ్చింది. ముందే రాసివ్వాలి అంటే మన దగ్గర ఏమవుతుందో ఖమ్మంలో చూశాం, కూలికి వెళ్లిన తల్లి సంతకం కోసం ఎవరూ ఆగరు, వార్డెన్ పెట్టేస్తాడు. లేదంటే కాగితం రాక పిల్ల బయట వరండాలో నిలబడుతుంది, ఆ పిల్లకే ఆ పాఠం అందరికన్నా ఎక్కువ అవసరమై ఉండొచ్చు, ఎందుకంటే వేధించేవాడు ఇంట్లోనే ఉంటే సంతకం పెట్టాల్సింది కూడా వాడే. అందుకే భద్రత పాఠం మీద ఎవరికీ వీటో ఉండకూడదు. మిగతా పాఠం విషయంలో తల్లిదండ్రులకు ఉండాల్సింది ముందే చూసే హక్కు, ప్రశ్నించే హక్కు, ఇది ఇలా కాకుండా అలా చెప్పండి అనే హక్కు. ఇది చిన్న హక్కేం కాదు, ఇప్పుడు అదీ లేదు.

దానికి కొత్త కమిటీలు అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. ఆంధ్రలో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జులైలో మళ్లీ పెట్టారు. ముగ్గులు, ఆటల పోటీలు, భోజనాలు, బాగానే జరిగాయి. మార్కులు, హాజరు, మరుగుదొడ్లు, గోడలకు సున్నం, అన్నీ మాట్లాడుకునే చోట ఒక్క అరగంట ఎనిమిదో తరగతి తల్లిదండ్రులను వేరే గదిలో కూర్చోబెట్టి, ఈ ఏడాది మీ పిల్లలకు ఈ పాఠం చెప్పబోతున్నాం, ఇదిగో పుస్తకం, మీకేమైనా అడగాలనుంటే చీటీ మీద పేరు లేకుండా రాసి ఈ డబ్బాలో వేయండి అంటే ఎంతసేపు? తెలిసిన ఒక బయాలజీ టీచరమ్మ పిల్లలకు ఇలా డబ్బా పెట్టింది. నెలసరిలో పెరుగు తినొచ్చా, ముద్దు పెట్టుకుంటే కడుపు వస్తుందా, ఒకవైపు రొమ్ము చిన్నగా ఉంటే క్యాన్సరా, ఫోన్లో ఒకడు ఫొటో పంపమంటున్నాడు ఏం చేయాలి. ఆఖరి చీటీ చూశాక ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

గురుకులాలు, కస్తూర్బా స్కూళ్ల పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం, అక్కడ రాత్రింబవళ్లు వార్డెనే అమ్మ, వార్డెనే నాన్న. తల్లిదండ్రులు అన్నం క్యారియర్ పట్టుకుని పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఆదివారాలు ఉంటాయి కదా, మీటింగ్ పెట్టాలంటే అదే రోజు. నాన్నలను కూడా కూర్చోబెట్టాలి. మామూలుగా ఇలాంటి మీటింగులకు అమ్మలే వస్తారు, నాన్నలు గేటు బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటారు. మగపిల్లాడికి తండ్రి చెప్పాల్సిన మాటలు తల్లి చెప్పలేదు, చెప్పినా వాడు వినలేడు.

మీ పిల్లల స్కూలు నుంచి తర్వాతి మీటింగుకు కబురొస్తే హెడ్‌మాస్టర్‌ని మర్యాదగానే అడగండి. ఆ ఇద్దరు అంబాసిడర్ టీచర్లు ఎవరండీ, శిక్షణ అయిందా, వారానికి ఒక గంట ఏ రోజు? మాడ్యూల్ మాకు చూపించండి అంటే మా దగ్గర లేదంటారేమో, ఎన్‌సీఈఆర్‌టీ 2020లో వేసింది, వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా చదువుకున్న కుర్రాడి చేత డౌన్‌లోడ్ చేయించి తీసుకెళ్లండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద ఎక్కడ రాశారో చూపించమనండి. చూద్దాం, పైనుంచి ఆర్డర్ రావాలి అంటే కమిటీ మీటింగుకు మినిట్స్ పుస్తకం ఒకటి ఉంటుంది, మీ ప్రశ్న అందులో తేదీ వేసి రాయించండి.